తల్లిపాలు: బిడ్డ నాలుకకు ముడి ఉంటే ఏం చేయాలి?

సూరతుల్ బలద్‌లో అల్లాహ్ మానవుడికి తాను చేసిన మేళ్ళను గుర్తుచేస్తూ రెండు కళ్ళ తర్వాత నాలుకను, రెండు పెదవులను ప్రస్తావించాడు (90: 8, 9). ఈ ఆయతుల దగ్గర వ్యాఖ్యాతలు సాధారణంగా మాట్లాడే శక్తిని గురించి వివరిస్తారు. అది సబబే. కాని మనిషి ఈ నాలుకతోను, ఈ పెదవులతోను చేసే మొట్టమొదటి పని పాలు తాగడం. మాటలు వచ్చేది ఏడాది దాటాక. పాలు తాగడం పుట్టిన గంటలోపే, ఎవరూ నేర్పకుండానే మొదలవుతుంది. కళ్ళు సరిగా తెరవని పసికందు తల్లి గుండెల మీద పడుకోబెడితే తానే రొమ్ము వెతుక్కుంటాడు. అల్లాహ్ ఏర్పాటు అలాంటిది.

అయితే కొందరు బిడ్డలకు ఆ నాలుక సరిగా కదలదు. నాలుకను నోటి అడుగుభాగానికి కలిపే సన్నని పొర బిగువుగా, పొట్టిగా ఉంటుంది. డాక్టర్లు దీన్ని టంగ్ టై అంటారు. పై పెదవిని చిగురుకు కలిపే పొర మందంగా ఉంటే లిప్ టై అంటున్నారు. పాకాల చుట్టుపక్కల పల్లెల్లో ఈ పేర్లు తెలిసినవారు తక్కువ. కాని దాని వల్ల కలిగే బాధ మాత్రం మన ఇళ్ళలో ఉంది. జుమా నమాజు తర్వాత యువకులు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "మౌలానా, బిడ్డకు పాలిచ్చేటప్పుడు మా ఇంట్లో ఆమె ఏడుస్తోంది. రొమ్ము పగిలి రక్తం వస్తోంది. బిడ్డ గంటసేపు పట్టుకున్నా ఆకలి తీరడం లేదు. అమ్మేమో డబ్బా పాలు తెమ్మంటుంది. రెండేళ్ళు పాలివ్వకపోతే గునాహ్ అని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్నలో ధర్మశాస్త్ర విషయమూ ఉంది, వైద్య విషయమూ ఉంది. ఒకదానిలో మరొకటి కలిపేస్తేనే చిక్కు వస్తుంది. ముందుగా ధర్మం చెప్పిన మాట చూద్దాం.

ఆయతులో తల్లి హక్కు కూడా ఉంది

సూరతుల్ బఖర 233వ ఆయతును మన ఇళ్ళలో సగమే చదువుతున్నారు. తల్లులు తమ బిడ్డలకు పూర్తి రెండు సంవత్సరాలు పాలివ్వాలన్న భాగం అందరికీ తెలుసు. ఆ వాక్యంలోనే ఉన్న షరతు, అంటే పాలిచ్చే గడువును పూర్తి చేయదలచినవారి కోసం అన్న మాట, చాలామందికి గుర్తుండదు. ఆ తర్వాత వచ్చే భాగాలు ఇంకా ముఖ్యమైనవి. ఆ తల్లికి రివాజు ప్రకారం తిండి, బట్ట సమకూర్చడం తండ్రి బాధ్యత. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం లేదు. బిడ్డను కారణం చేసుకుని తల్లికి హాని చేయకూడదు, తండ్రికీ హాని చేయకూడదు. తండ్రి లేకపోతే ఈ బాధ్యత వారసుడి మీద పడుతుంది. ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపడి రెండేళ్ళ కంటే ముందే పాలు మాన్పిస్తే దోషం లేదు. మరొక స్త్రీ చేత పాలు ఇప్పించినా, ఆమెకు ఇవ్వవలసింది సక్రమంగా ఇస్తే దోషం లేదు.

ఒక్క ఆయతులో ఇన్ని విషయాలు ఎందుకు వచ్చాయో ఆలోచించండి. పాలివ్వడంలో ఇబ్బందులు వస్తాయని సృష్టికర్తకు తెలుసు. అందుకే ఆజ్ఞతో పాటు వెసులుబాటును కూడా పెట్టాడు. సూరతుత్ తలాఖ్ 6వ ఆయతులో, విడాకులైన దంపతుల మధ్య పాల విషయంలో ఇబ్బంది ఏర్పడితే మరొక స్త్రీ పాలిస్తుందని చెప్పడంలోనూ అదే ధోరణి కనిపిస్తుంది.

హనఫీ ధర్మవేత్తల మాట ఇది: పాలివ్వగలిగిన తల్లి కారణం లేకుండా, అలకతోనో కోపంతోనో బిడ్డకు పాలు మానేస్తే అల్లాహ్ దగ్గర దోషి అవుతుంది. కాని ఖాజీ ఆమెను బలవంతపెట్టడు. బిడ్డ ఇంకెవరి పాలూ పట్టకపోతేనో, వేరే మార్గం లేకపోతేనో మాత్రమే బలవంతం వస్తుంది. జబ్బు వల్లనో, పాలు పడక పోవడం వల్లనో ఇవ్వలేని తల్లి మీద ఏ పాపమూ లేదు. కాబట్టి ఆ యువకుడి ఇంట్లో కన్నీళ్ళతో పాలిస్తున్న ఆ తల్లిని ఎవరైనా గునాహ్ పేరుతో భయపెడితే, అలా భయపెట్టేవారే బిడ్డను అడ్డం పెట్టుకుని తల్లికి హాని చేయరాదన్న ఆజ్ఞను గురించి ఆలోచించుకోవాలి.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన ఒక సంఘటన ఇబ్ను సఅద్ గ్రంథంలో ఉంది. మదీనా బయట ఒక వర్తక బృందం దిగింది. ఖలీఫా స్వయంగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను తోడు తీసుకుని రాత్రి కాపలాకు వెళ్ళారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. బిడ్డను ఊరుకోబెట్టమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ చెప్పారు. తెల్లవారుజామున మూడోసారి వెళ్ళినప్పుడు, తన ఎదుట ఉన్నదెవరో తెలియని ఆ తల్లి అసలు సంగతి చెప్పింది: పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం రాస్తున్నారు, అందుకే త్వరగా మాన్పిస్తున్నాను అని. ఆ రోజు ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల ఖిరాఅత్ జనానికి సరిగా వినపడలేదట. ఆ తర్వాత, పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టినప్పటి నుంచే భత్యం ఇవ్వాలని ఆజ్ఞ వెళ్ళింది. ఖలీఫా ఆ తల్లిని నిందించలేదు. ఆమె పాలు మాన్పించడానికి కారణమైన పరిస్థితిని మార్చారు. మన ఇంటి పెద్దలకు కూడా చేతనైన పని ఇది.

ముర్రుపాలు: ఫుఖహాల మాట, హకీముల మాట

ఇక్కడ మన మద్రసా పుస్తకాల్లోని ఒక ఆసక్తికరమైన విషయం చెప్పాలి. కాన్పైన మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే చిక్కని, పసుపు రంగు పాలను మనం ముర్రుపాలు అంటాం. అరబీలో "లిబఅ్". ఇమామ్ నవవీ (రహ్మ) మిన్హాజ్‌లో, బిడ్డకు ఈ ముర్రుపాలు ఇవ్వడం తల్లి మీద తప్పనిసరి అని షాఫియీ మజ్‌హబ్ తీర్పుగా రాశారు. అవి లేకుండా బిడ్డ సాధారణంగా బతకడన్నది ఫుఖహాలు చెప్పిన కారణం. ఆ తర్వాతి పాల విషయంలో వేరే స్త్రీ ఉంటే తల్లికి వెసులుబాటు ఉంది, ముర్రుపాల విషయంలో లేదు.

హకీములు దీనికి భిన్నంగా చెప్పారు. గ్రీకు వైద్యుల నుంచి వచ్చిన అభిప్రాయం ప్రకారం, కాన్పైన వెంటనే తల్లి పాలు మంచివి కావు. ఇబ్ను సీనా కూడా మొదట్లో వేరే స్త్రీ పాలిస్తే మేలన్నారు. అల్లామా ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) తుహ్‌ఫతుల్ మౌదూద్‌లో మొదటి రెండు మూడు రోజులు తల్లి కాక మరొకరు పాలివ్వడం మంచిదని రాశారు. అది ఆయన షరీఅతు తీర్పుగా చెప్పింది కాదు, తన కాలపు వైద్యాన్ని అనుసరించి చెప్పింది. నేటి వైద్యం ప్రకారం ఆ అభిప్రాయం సరికాదు. ముర్రుపాలలో బిడ్డను రోగాల నుంచి కాపాడే పదార్థాలు మెండుగా ఉంటాయి. పుట్టిన రోజు బిడ్డ కడుపులో పట్టేది సుమారు ఒక చెంచాడు, వచ్చేదీ అంతే. ఫుఖహాల మాటే నిలిచింది. ఇబ్నుల్ ఖయ్యిమ్ గారి పేరు చెప్పి ముర్రుపాలు పిండి పారబోసే పెద్దలకు ఈ తేడా తెలియజేయాలి.

మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న బిడ్డలు 42 శాతం మాత్రమే. ఆరు నెలల లోపు బిడ్డల్లో తల్లిపాలు తప్ప వేరేమీ తీసుకోనివారు 64 శాతం దాకా ఉన్నారు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆపైన ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఇంకా ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. విరేచనాలు, న్యుమోనియా తగ్గుతాయి. తల్లికి కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గుతుంది, రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుంది. లాన్సెట్ వైద్య పత్రిక 2016లో వేసిన అంచనా ప్రకారం, పిల్లలందరికీ సరిగా తల్లిపాలు అందితే ప్రపంచంలో ఏటా 8 లక్షలకు పైగా పసిప్రాణాలు నిలుస్తాయి. వీటిని చూసి ఖుర్ఆన్ నిజమని నమ్మవలసిన అవసరం విశ్వాసికి లేదు. బిడ్డకు పాలు ఎందుకు ముఖ్యమో తెలుసుకోవడానికి మాత్రం ఇవి పనికొస్తాయి.

ఘుట్టి, తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం విషయం కూడా ఇక్కడే చెబుతాను. తహ్‌నీక్ సున్నతు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) పుట్టినప్పుడు దైవప్రవక్త (స) ఖర్జూరం నమిలి ఆయన అంగిటికి రాశారు. అది నామమాత్రంగా రాయడమే. గిన్నెడు తేనె పోయడం తహ్‌నీక్ కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వవద్దని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు. దానిలో ఉండగల ఒక రకం క్రిమి బీజాలు పసిబిడ్డ పేగుల్లో విషం పుట్టిస్తాయి. తేనెలో స్వస్థత ఉందని సూరతున్నహ్ల్ చెప్పింది. కాని ఏ వయసువారికి, ఎంత అన్నది వైద్యులకు వదిలిన విషయం. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, జబ్బుగా ఉన్నా తహ్‌నీక్ వదిలేయడంలో దోషం లేదు. అది ముస్తహబ్, బిడ్డ ప్రాణం కాపాడడం ఫర్జ్.

ముడి ఉన్న నాలుక పాలు ఎలా తాగుతుంది?

బిడ్డ పాలు తాగేటప్పుడు చనుమొనను మాత్రమే పట్టుకోడు. దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో ఎక్కువ భాగాన్ని నోట్లోకి తీసుకుంటాడు. నాలుక కింది చిగురు మీదుగా ముందుకు వచ్చి దోనెలా వంగి రొమ్మును పట్టుకుంటుంది. ఆ తర్వాత నాలుక, దవడ కిందికి దిగినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి పాలు లాగబడతాయి. నాలుక కింది పొర బిగువుగా ఉంటే నాలుక చిగురు దాటి రాలేదు. అప్పుడు బిడ్డ చిగుళ్ళతోనే చనుమొనను నొక్కుతాడు. తల్లికి నొప్పి, పగుళ్ళు. బిడ్డకు చాలీ చాలని పాలు. రొమ్ము ఖాళీ కాకపోతే పాలు ఊరడం కూడా తగ్గుతుంది. చివరకు "ఈమెకు పాలు లేవు" అన్న ముద్ర పడుతుంది. పాలు ఉన్నాయి, తీసుకునే నాలుకకే దారి లేదు. ఎందరు కోడళ్ళు ఈ ముద్ర మోశారో అల్లాహ్‌కే తెలుసు.

గుర్తులు ఇవి. బిడ్డ ఏడ్చినప్పుడు నాలుక పైకి లేవదు, కొన మధ్యలో నొక్కుకుపోయి హృదయం ఆకారంలో కనిపిస్తుంది. పాలు తాగుతూ టక్ టక్ మని చప్పుడు చేస్తూ మాటిమాటికీ జారిపోతాడు. గంటల తరబడి రొమ్ము దగ్గరే ఉండి, వదిలిన వెంటనే ఏడుస్తాడు. అయిదు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయడు. పుట్టినప్పుడున్న బరువు మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. రెండు వారాలకు కూడా తిరిగి రాకపోతే ఆలస్యం చేయకూడదు.

ఇది కొత్త జబ్బు కాదు. కార్డోవా నగరం దగ్గర నివసించి సుమారు 1013లో మరణించిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన తస్రీఫ్ గ్రంథం చివరి భాగంలో, నాలుక కింది బంధాన్ని కోసే పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించారు. కోత లోతుగా పోతే అక్కడి రక్తనాళం తెగి రక్తం ఆగదని హెచ్చరించారు కూడా. ఆ గ్రంథం లాతీనులోకి వెళ్ళి యూరప్‌లో శతాబ్దాల పాటు శస్త్రవైద్యులకు పాఠమైంది. ఈ రోజు కూడా పని అదే. డాక్టర్ నాలుకను ఎత్తి, శుభ్రమైన కత్తెరతో పొరను కొద్దిగా కోస్తారు. నిమిషం పట్టదు, కొన్ని చుక్కల రక్తం వస్తుంది, వెంటనే బిడ్డకు పాలు పట్టవచ్చు. ఏ రోగానికైనా అల్లాహ్ మందు కూడా దించాడన్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి అవసరమైనప్పుడు ఈ కోత చేయించడంలో ధర్మపరంగా ఏ సందేహమూ అక్కర్లేదు. అల్లాహ్ సృష్టిని మార్చడం కిందికి ఇది రాదు. సున్తీ చేయిస్తున్న మనం దీన్ని అడగడమే వింత.

అయితే అవసరమైనప్పుడు అన్న మాట మరచిపోకూడదు. పొర ప్రతి మనిషికీ ఉంటుంది, పొర కనిపించడమే జబ్బు కాదు. కొన్నేళ్ళుగా పెద్ద నగరాల్లో ఈ కోతలు, లేజర్లు విపరీతంగా పెరిగాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఈ విషయం మీదే నివేదిక ఇచ్చింది. పాలు పట్టడంలో ఇబ్బందికి ఇతర కారణాలు ముందుగా చూడాలని, పట్టుకునే తీరు సరిదిద్దినా నొప్పి, ఇబ్బంది తగ్గకపోతేనే కోత గురించి ఆలోచించాలని దాని సారాంశం. పై పెదవి పొర దాదాపు ప్రతి బిడ్డలోనూ ఉండేదే, దాన్ని కోయడం వల్ల పాలు బాగా తాగుతారనడానికి సరైన ఆధారం లేదు. 2017లో అయిదు పరిశోధనలను, 302 మంది బిడ్డలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో, నాలుక పొర కోసిన తర్వాత తల్లుల నొప్పి తగ్గడం కనిపించింది. బిడ్డ పాలు తాగడం మెరుగైందా అన్నది మాత్రం ఆ పరిశోధనల్లో ఒకే తీరుగా తేలలేదు. రేపు మాటలు రావేమోనన్న భయంతో ముందుగానే కోయించడం కూడా అనవసరం.

హజ్రత్ మూసా (అలై) తన నాలుకలోని ముడిని విప్పమని చేసిన దుఆ (20: 27, 28) చదివి బిడ్డ మీద ఊదుతారు కొందరు. దుఆ చదవండి, మంచిదే. ఆ ఆయతు మాట స్పష్టత గురించినది. అందులోని ముడి ఈ పొరే అని నిర్ధారించి చెప్పడానికి మనకు ఆధారం లేదు. నాలుకకు వస రాయడం, గోటితోనో బ్లేడుతోనో ఇంట్లో పొర తెంపడం మాత్రం ఎంత మాత్రం తగదు. వస పోసిన పిట్టలా మాట్లాడాలని మనం ఆశపడితే, అజ్జహ్రావీ వెయ్యేళ్ళ క్రితం హెచ్చరించిన రక్తస్రావం వస్తుంది.

పాకాలలో ఉన్నవారు ఏం చేయాలి?

ఆసుపత్రిలో కాన్పైన బిడ్డ కోసం ఆశా కార్యకర్త ఆరు వారాల్లో ఆరుసార్లు ఇంటికి రావలసి ఉంటుంది. మూడో రోజు, ఏడో రోజు, ఆపైన వారం వారం, చివరగా 42వ రోజు. ఆమె దగ్గర తూకం ఉంటుంది. పర్దా అని, చిల్లా అని ఆమెను గుమ్మం దగ్గరే పంపేయకండి, ఆమె ఆడమనిషే. బిడ్డ బరువు తూయించండి, పాలు పట్టే తీరు చూపించండి. బిడ్డ నోరు పెద్దగా తెరిచాక దగ్గరకు తీసుకోవడం, గడ్డం రొమ్ముకు ఆనడం, కింది పెదవి బయటికి తిరిగి ఉండడం, ఇవి సరిచేస్తేనే చాలామందికి నొప్పి తగ్గిపోతుంది. తగ్గకపోతే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పాకాల జంక్షన్ నుంచి ఒకవైపు రైలెక్కితే తిరుపతిలో రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. మరోవైపు వెళితే కాట్పాడిలో దిగి వేలూరు సి.ఎం.సి.కి పోవచ్చు. మన పెద్దలు కంటికీ గుండెకూ ఈ దారులే పట్టారు, పసిబిడ్డ నాలుకకు కూడా పట్టవచ్చు.

ఈ లోపల పాలు ఆపకూడదు. రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లిపాలే పిండి, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టవచ్చు. దీనివల్ల పాలు ఊరడం తగ్గదు. అవసరమైతే డాక్టరు సలహాతో డబ్బా పాలు కూడా ఇవ్వవచ్చు, అదేమీ హరామ్ కాదు. దాని ఖర్చు, రైలు ఛార్జీ, డాక్టరు ఫీజు తండ్రి బాధ్యత, పుట్టింటివారిది కాదు. పాలిచ్చే తల్లి తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడితే రమజాన్ ఉపవాసాలు వదిలి తర్వాత పూర్తి చేసుకోవచ్చు. హనఫీ మజ్‌హబ్‌లో ఖజా మాత్రమే, ఫిద్‌యా లేదు.

మరొక స్త్రీ పాలిస్తే

ఇలాంటి సమయంలో ఇంట్లో పిన్నో, మేనత్తో, తనకూ పసిబిడ్డ ఉంటే, జాలిపడి రొమ్ము అందిస్తుంది. ఇది పుణ్యకార్యం. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ సువైబా, హజ్రత్ హలీమా సాదియాల పాలు తాగారు. కాని దీని వెనుక ఒక శాశ్వతమైన బంధం ఏర్పడుతుందని మరవకూడదు. సూరతున్నిసా 23వ ఆయతు ప్రకారం పాలిచ్చిన స్త్రీ తల్లి అవుతుంది, ఆమె పిల్లలు తోబుట్టువులవుతారు. ఆమె భర్త పాలతండ్రి అవుతాడు. హనఫీ మజ్‌హబ్‌లో రెండేళ్ళ లోపు బిడ్డ కడుపులోకి కొద్దిపాటి పాలు చేరినా ఈ బంధం ఏర్పడుతుంది. రొమ్ము ద్వారా తాగినా, గిన్నెలోకి పిండి చెంచాతో పట్టినా తీర్పు ఒకటే. షాఫియీ మజ్‌హబ్‌లో అయిదుసార్లు తాగాలి. అనేకమంది తల్లుల పాలు కలిపి ఉంచే పాల బ్యాంకుల విషయంలో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1985లోనే అభ్యంతరం తెలిపింది, ఎవరి పాలు ఎవరు తాగారో తెలియకపోవడమే కారణం.

మన రాయలసీమ ముస్లిం కుటుంబాల్లో పిన్ని బిడ్డలు, మామ బిడ్డలు, మేనత్త బిడ్డల మధ్య సంబంధాలు ఎక్కువ. ఈ రోజు పిన్ని ఒక పూట పాలిస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె కూతురితో ఆ అబ్బాయి నికాహ్ హరామ్. అప్పటికి పాలిచ్చినామె ఉండకపోవచ్చు, గుర్తుండకపోవచ్చు. హజ్రత్ ఉఖ్‌బా బిన్ హారిస్ (రజి) వివాహం చేసుకున్నాక ఒక స్త్రీ వచ్చి, మీ ఇద్దరికీ నేను పాలిచ్చానని చెప్పింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. అప్పటికప్పుడు మక్కా నుంచి ప్రయాణమై మదీనా వెళ్ళి దైవప్రవక్త (స)ను అడిగారు. అలాంటి మాట వచ్చాక ఎలా కాపురం చేస్తావన్నది ఆయన (స) సమాధానం. ఉఖ్‌బా (రజి) ఆమెను వదిలేశారు. ఒక్క స్త్రీ సాక్ష్యంతో ఖాజీ తీర్పు ఇవ్వడని హనఫీ ఫుఖహాలు చెప్పినా, జాగ్రత్తపరుడు ఏం చేయాలో ఈ హదీసు చూపుతోంది.

అందుకని ఎవరైనా మీ బిడ్డకు పాలిస్తే ఆ రోజే తేదీ, ఆమె పేరు, ఆమె భర్త పేరు, అప్పటికి ఆమెకున్న పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఇద్దరు పెద్దల సంతకం తీసుకోండి. రెండు ప్రతులు చేసి ఒకటి ఆమె ఇంట్లో, ఒకటి మీ ఇంట్లో బిడ్డ జనన ధ్రువపత్రంతో పాటే పెట్టుకోండి.